సంగీత పత్రిక డిజైన్ చేశాక, నేర్చుకున్నది రాయడం ఎలా

విద్యార్థుల సంగీత పత్రిక ఒకటి డిజైన్ చేశాం. అది ప్రింటై చేతికొచ్చాక, "ఇందులో నువ్వేం నేర్చుకున్నావో మూడు పేజీలు రాసివ్వు" అన్నారు మా మేడమ్. పత్రికకే నాలుగు నెలలు పట్టింది కదా, మూడు పేజీలదేముంది అనుకుని ఒక్క సాయంత్రంలో రాసేశాను. ఫోటోషాప్ నేర్చుకున్నాను, పేజీలు కట్టే సాఫ్ట్‌వేర్ ఇన్‌డిజైన్ మీద అవగాహన పెరిగింది, టీమ్‌తో కలిసి పనిచేయడం నేర్చుకోవడం జరిగింది, టైమ్ మేనేజ్‌మెంట్ మెరుగుపడింది. మర్నాడు నా కాగితాలు తిరిగొచ్చాయి. ప్రతి వాక్యం పక్కనా పెన్సిల్‌తో ఒకటే మాట ఉంది: "ఎక్కడ?"

నేర్చుకున్నానంటున్న పని పత్రికలో ఏ పేజీలో, ఏ మూలన కనిపిస్తోందో వేలు పెట్టి చూపించమని ఆ మాటకి అర్థం. చూపించలేకపోతే ఆ వాక్యం ఎవరైనా, ఏ ప్రాజెక్టు గురించైనా రాయొచ్చు. రెండోసారి రాయడానికి నాకు తొమ్మిది రోజులు పట్టింది. ఆ తొమ్మిది రోజుల్లో ఏం చేశానో చెబుతాను. మీరూ ఇలాంటిది రాయాల్సి వస్తే అంత సమయం పట్టదు.

ముందు రాయకండి, చూడండి

కొత్త డాక్యుమెంట్ అప్పుడే తెరవకండి. మీరు మొదట్లో ప్రాక్టీస్‌కని చేసిన కవర్, ఆఖరి కవర్, రెండూ ఒకే సైజులో ప్రింట్ తీసి బల్ల మీద పక్కపక్కన పెట్టండి. పది నిమిషాలు వాటినే చూస్తూ తేడాలు మాత్రం నోట్‌బుక్‌లో రాసుకోండి. ఎందుకు మార్చాను, ఎలా మార్చాను అన్నవి తర్వాత చూసుకోవచ్చు. ముందు కంటికి ఏది వేరుగా కనిపిస్తే అది రాయండి.

నా జాబితా ఇలా మొదలైంది. పాత కవర్ మీద ఫాంట్లు ఐదు, కొత్తదాని మీద రెండు. పాతదాంట్లో వయొలిన్ పట్టుకున్న అమ్మాయి తల నుంచి పాదాల దాకా ఉంది, వెనక కిటికీ, కిటికీలోంచి చెట్టు. కొత్తదాంట్లో నడుము పైనుంచే ఉంది, వెనక ఉత్త గోడ. అప్పుడు పక్కకి చూస్తోంది, ఇప్పుడు సూటిగా మన వైపు చూస్తోంది. పాతదాంట్లో పత్రిక పేరు ఆమె నుదుటి మీద పడింది, కొత్తదాంట్లో తల వెనక్కి వెళ్లింది.

ఈ నాలుగు తేడాల్లోంచే ఆఖరికి ఒకటిన్నర పేజీ వచ్చింది. జ్ఞాపకం మీద ఆధారపడి రాస్తే మేలుకున్న రాత్రులే గుర్తొస్తాయి. తీసుకున్న నిర్ణయాలు తెలియాలంటే కాగితం ఎదురుగా ఉండాలి.

దీనికి పాత ఫైళ్లు ఉండాలి. మొదటి మూడు వారాలు నేను ఒకే ఫైలు మీద సేవ్ చేస్తూ పోయాను, మధ్యలో ఏం మారిందో చూపించడానికి ఏమీ మిగల్లేదు. గ్రూప్‌లో ఒకరికొకరం పంపుకున్న స్క్రీన్‌షాట్లు ఉండబట్టి సరిపోయింది. మీరింకా పత్రిక పని మధ్యలోనే ఉంటే, ఈ రోజు లేచే ముందు 'సేవ్ యాజ్' కొట్టి తేదీ వేసి వేరే కాపీ పెట్టుకోండి. కొట్టేసిన డిజైన్లు కూడా పారేయకండి, రాసేటప్పుడు వాటితోనే ఎక్కువ పని పడుతుంది.

ఒక్క తేడా పట్టుకుని లోపలికి వెళ్లండి

జాబితా మొత్తం రాసుకుంటూ పోతే మళ్లీ మొదటి డ్రాఫ్టే వస్తుంది. ఏదో ఒక తేడా ఎంచుకుని అది ఎలా పుట్టిందో మొదట్నుంచీ చెప్పండి. నేను మాస్ట్‌హెడ్ ఎంచుకున్నాను. అంటే కవర్ పైన పెద్దక్షరాల్లో ఉండే పత్రిక పేరు.

ఇంగ్లిష్ సంగీత పత్రికల కవర్ల మీద గాయకుడి తల పత్రిక పేరు ముందుకొచ్చి ఒకటో రెండో అక్షరాల్ని కప్పేయడం మీరు చూసే ఉంటారు. ఆ పేరు పాఠకుడికి ముందే తెలుసు కాబట్టి ఒక అక్షరం సగం కనిపించకపోయినా ఇబ్బంది లేదు, పైగా మనిషి కాగితంలోంచి ముందుకొచ్చినట్టు ఉంటుంది. మేమూ అలాగే చేశాం. మా పత్రిక పేరులో ఒక అక్షరం కింద వత్తు ఉంది. అమ్మాయి తల సరిగ్గా ఆ వత్తునే కప్పేసింది. స్నేహితురాలికి చూపిస్తే ఆమె పేరును ఇంకో మాటగా చదివింది. అప్పుడు తెలిసింది, తెలుగులో వత్తు దాగితే మాటే మారిపోతుందని.

పేరు చిన్నది చేసి చూశాం, కవర్‌కి బరువు పోయింది. అమ్మాయిని కిందికి దించాం, వయొలిన్ కిందంచులో తెగిపోయింది. చివరికి ఆమెని రెండు సెంటీమీటర్లు ఎడమకి జరిపితే తల రెండక్షరాల మధ్య ఖాళీలోకి వచ్చింది, వత్తు ఆమె చెవి పక్కన స్పష్టంగా వేలాడింది. అదే స్నేహితురాలికి మళ్లీ చూపించాను. ఈసారి తడుముకోకుండా చదివింది.

మొదటి డ్రాఫ్ట్‌లో నేను రాసింది: "మాస్ట్‌హెడ్ డిజైన్ చేయడం ద్వారా లేయర్ల మీద అవగాహన పెరిగింది." రెండోసారి రాసింది: "ప్రాక్టీస్ కవర్‌లో జుట్టు చుట్టూ ఉన్న నేపథ్యాన్ని ఇరేజర్‌తో తుడిచేశాను. తుడిచింది తిరిగిరాదు కాబట్టి చెవి అంచు పోయినా సరిచేయలేకపోయాను. ఆఖరి కవర్‌లో లేయర్ మాస్క్ వాడాను. మాస్క్ మీద నలుపు పూస్తే ఆ భాగం దాగుతుంది, తెలుపు పూస్తే మళ్లీ బయటికొస్తుంది. అందుకే అమ్మాయిని మూడుసార్లు జరిపినా ప్రతిసారీ జుట్టు అంచు మళ్లీ దిద్దుకోగలిగాను." ఇందులో గొప్ప మాటలేం లేవు. కానీ చదివినవాళ్లకి ఇది రాసిన అమ్మాయికి మాస్క్ వాడటం వచ్చు అని నమ్మకం కలుగుతుంది.

ప్రతి తేడానీ ఇలాగే అడగండి. ముందు ఎలా ఉంది? ఏది ఇబ్బంది పెట్టింది? ఏమేం చేసి చూశాను? చివరికి కుదిరిందని ఎలా తెలిసింది? ఈ చివరి ప్రశ్ననే చాలామంది వదిలేస్తారు. "బాగా వచ్చింది" అంటే చాలదు. ఎవరో చదివారు, ఎవరో కవర్ చూసి చేతిలోకి తీసుకున్నారు, ప్రింట్‌లో రంగు స్క్రీన్ మీద చూసినట్టే వచ్చింది. ఏదో ఒక గుర్తు చెప్పాలి.

"జరిగింది" అని రాస్తే చేసింది ఎవరు?

"ఫోటోలు తీయడం జరిగింది", "ఫాంట్లు ఎంపిక చేయడం జరిగింది". మనకి బడిలో, ఆఫీసు కాగితాల్లో అలవాటైన వాక్యం ఇది. మర్యాదగా ఉన్నట్టు అనిపిస్తుంది గానీ చేసిన మనిషిని మింగేస్తుంది. మీరు రాస్తున్నదే మీ పని గురించి. నా డ్రాఫ్ట్‌లో పదకొండు 'జరిగింది'లు ఉన్నాయి. అన్నీ తీసేసి "తీశాను", "ఎంచుకున్నాను", "ఒప్పుకోలేదు" అని రాస్తే సగం వాక్యాలు వాటంతట అవే నిజం చెప్పడం మొదలుపెట్టాయి. రెండు వాక్యాల దగ్గర మాత్రం ఆగిపోయాను, ఎందుకంటే ఆ పని చేసింది నేను కాదు.

'మేము' దగ్గరా అంతే జాగ్రత్త. మా జట్టులో ఆరుగురం. విషయసూచిక పేజీ పూర్తిగా ఇంకొకరిది. "విషయసూచిక డిజైన్ చేశాం" అని రాస్తే అది నా ఖాతాలోకి వచ్చేస్తుంది. "ఆ పేజీ నేను చేయలేదు. పక్కన కూర్చుని చూశాను. పేజీ నంబర్లు పేర్ల కన్నా పెద్దవిగా ఎందుకు పెట్టాలో అక్కడే తెలుసుకున్నాను" అని రాశాను. చూసి నేర్చుకున్నదీ నేర్చుకున్నదే, దాన్ని అలాగే చెప్పాలి.

అంకె దొరికితే అంకె వేయండి

పత్రిక పనిలో చాలా పాఠాలు కొలతల రూపంలోనే వస్తాయి. వాటిని మాటల్లోకి కరిగించేయకండి.

మాకు ఒక డ్రమ్మర్ ఫోటో మెసేజింగ్ యాప్‌లో వచ్చింది. ఫోన్‌లో అద్భుతంగా ఉంది. పేజీ నిండా వేద్దామనుకున్నాం. దాని వెడల్పు 1280 పిక్సెళ్లు. ప్రింట్‌లో మంచి నాణ్యత కోసం అంగుళానికి 300 పిక్సెళ్లు లెక్కేస్తారు. ఏ4 కాగితం వెడల్పు 210 మిల్లీమీటర్లు, అంటే సుమారు 8.27 అంగుళాలు, దానికి 2480 పిక్సెళ్లు కావాలి. మా ఫోటో పేజీ అంతా పరిస్తే అంగుళానికి 155 పిక్సెళ్లే వస్తాయి. యాప్‌లలో ఫోటో పంపితే సైజు కుదించుకుపోతుందని, అసలు ఫైలు అడిగి తెప్పించుకోవాలని అప్పటికి తెలియదు. అడిగేసరికి అతని దగ్గరా అది లేదు. పావు పేజీలో వేశాం. "ఇమేజ్ రిజల్యూషన్ ప్రాముఖ్యత తెలిసింది" అనే బదులు ఈ లెక్కంతా రాశాను. ఆ పేరా పక్కన మేడమ్ ఏమీ రాయలేదు, టిక్ మాత్రం పెట్టారు.

లైన్ల మధ్య ఎడం గురించి కూడా కాసేపు చెప్పాలి, తెలుగులో పేజీ కట్టేవాళ్లందరికీ ఇది ఎదురవుతుంది. 10 పాయింట్ల అక్షరానికి ఇన్‌డిజైన్ తనంతట తాను 120 శాతం, అంటే 12 పాయింట్ల ఎడం ఇస్తుంది. ఇంగ్లిష్‌కి అది సరిపోతుంది. మనకి పై లైన్లో వత్తులు కిందికి దిగుతాయి, కింది లైన్లో గుడులు పైకి లేస్తాయి. మా మొదటి ప్రూఫ్‌లో, అంటే సరిచూసుకోవడానికి తీసిన ప్రింట్‌లో, 'శాస్త్రీయ' అన్న మాట కింది వత్తులు కింది లైన్లోని 'కీర్తన' గుడిని తాకి, రెండూ కలిసి ఒక సిరా మరకలా కనిపించాయి. ఎడం 15 చేశాం. 25 సెంటీమీటర్ల కాలమ్‌లో 59 లైన్లు పట్టేవి 47 అయ్యాయి. ప్రతి వ్యాసంలోనూ ఐదో వంతు మాటలు తీసేయాల్సొచ్చింది. రాసినవాళ్లు బాధపడ్డారు, ఇద్దరు గట్టిగా వాదించారు. ప్రూఫ్ చూపించి, వేలు పెట్టి ఆ మరకని చూపించాక ఒప్పుకున్నారు. నా రాతలో "టీమ్‌వర్క్" అనే మాట వాడకుండా టీమ్‌వర్క్ గురించి చెప్పింది ఈ ఒక్క చోటే.

దీనితోపాటే ఇంకొకటి. మొదటిసారి ఇన్‌డిజైన్‌లో తెలుగు అతికిస్తే వత్తులన్నీ విడిపోయి పక్కన పడ్డాయి. ఫైలు పాడైందేమోనని టెన్షన్ పడ్డాం. పేరాగ్రాఫ్ సెట్టింగ్స్‌లో వరల్డ్ రెడీ కంపోజర్ ఎంచుకుంటే అక్షరాలు సరిగ్గా కూడుకున్నాయి.

రంగుల సంగతి క్లుప్తంగా చెబుతాను. స్క్రీన్ ఎరుపు, ఆకుపచ్చ, నీలం కాంతులతో రంగు చూపిస్తుంది, ప్రింటింగ్ నాలుగు సిరాలతో చేస్తుంది. స్క్రీన్ మీద మెరిసే ఆకుపచ్చ కాగితం మీద మెరవదు. ప్రూఫ్ తీసుకున్నాక మా శీర్షికల రంగు మార్చాం. పేజీల సంఖ్య కూడా అంతే. మధ్యలో పిన్ను కొట్టే పత్రిక నాలుగేసి పేజీల లెక్కన పెరగాలి. మాకు 22 పేజీలకి సరిపడా ఉంది, 24 చేయాలి. ఆరు కాగితాలు మడిచి పెన్సిల్‌తో పేజీ నంబర్లు వేసి చూసుకునేదాకా ఎవరికీ అర్థం కాలేదు. ఆ మడత కాగితాల ఫోటో నా రాతలో జతచేశాను.

వేరే పత్రికల ప్రస్తావన

"మ్యూజిక్ మ్యాగజైన్ల కన్వెన్షన్స్ పాటించాను" అని రాసి వదిలేస్తే అది బట్టీ పట్టినట్టే ఉంటుంది. ఒక పత్రిక పేరు చెప్పి, అందులో ఏం చూశారో చెప్పి, మీరేం తీసుకున్నారో చెప్పండి. 1981లో మొదలైన రాక్ సంగీత పత్రిక కెరాంగ్! పేరే ఎలక్ట్రిక్ గిటార్ మీద కొన్ని తీగల్ని కలిపి గట్టిగా మీటితే వచ్చే చప్పుడు. దాని మాస్ట్‌హెడ్ అక్షరాలు పగిలినట్టుంటాయి. లోపల ఏ సంగీతం ఉందో పేరే చెప్పేస్తోంది. 1986 నుంచి 2020 దాకా వచ్చిన క్యూ పత్రికకైతే ఎర్రటి డబ్బాలో ఒక్క తెల్ల అక్షరం. అరుపు లేదు, నిలకడ ఉంది, దూరం నుంచి కనిపిస్తుంది. మా పత్రికలో శాస్త్రీయ సంగీతం, బ్యాండ్లు రెండూ ఉన్నాయి కాబట్టి పగిలిన అక్షరాలు మాకు నప్పవు. నిండు రంగు డబ్బా మీద తెల్లక్షరాలు తీసుకున్నాం. ఏది తీసుకున్నారో చెప్పడంతో పాటు ఏది వద్దనుకున్నారో కూడా చెప్పండి, మీ ఆలోచన అక్కడే ఎక్కువగా తెలుస్తుంది.

ఇంటర్వ్యూ కూడా డిజైనే

డిజైన్ గురించి రాయమన్నారని చాలామంది ఇంటర్వ్యూలని పక్కన పెట్టేస్తారు. నేనూ మొదట పెట్టేశాను. కానీ ఆ రెండు పేజీల స్ప్రెడ్ రూపం ప్రశ్నల దగ్గరే నిర్ణయమైంది. "సంగీతం ఎప్పుడు మొదలుపెట్టారు?" అని అడిగితే "చిన్నప్పుడు" అన్నారు ఆ గాయకుడు. "స్టేజీ మీద పాట మర్చిపోయిన రోజు ఏదైనా ఉందా?" అని అడిగితే పదిహేను నిమిషాలు ఆగకుండా చెప్పారు. మృదంగం వాయిస్తున్నాయన పరిస్థితి కనిపెట్టి ఇంకో ఆవర్తనం, అంటే తాళం ఇంకో చుట్టు, వాయిస్తూ తనకి సమయం ఇచ్చారట. ఆ ఒక్క వాక్యాన్ని పెద్దక్షరాల్లో పేజీ మధ్యలో పెట్టాం, మిగతా పేజీ దాని చుట్టూ అల్లుకుంది. అలాంటి మాట దొరక్కపోతే ఆ ఖాళీని ఏ ఫాంటూ నింపలేదు. నలభై నిమిషాల రికార్డింగ్‌ని 700 మాటలకి కుదించాక ఆయనకి ఒకసారి చదివి వినిపించాను. తాళం పేరు నేను తప్పు రాసుకున్నాను, ఆయన సరిచేశారు.

మధ్య మడత గురించి జాగ్రత్త. మొదటి లేఅవుట్‌లో మైకు సరిగ్గా మడతలో పడింది. స్క్రీన్ మీద రెండు పేజీలు ఒకే కాగితంలా కనిపిస్తాయి, చేతిలో పత్రిక తెరిస్తే మధ్యలో కొంత లోపలికి పోతుంది. ముఖం, చెయ్యి, వాద్యం మడతకి దూరంగా ఉండాలి.

సరిగ్గా రానిదానికి చోటు ఉంచండి

తప్పులు రాస్తే మార్కులు పోతాయని భయపడతాం. నేను అడిగిన ఇద్దరు ముగ్గురు టీచర్లూ ఒకే మాట చెప్పారు, విద్యార్థికి తన పేజీలో లోపం కనిపిస్తోందంటే కన్ను పదునెక్కిందని. అయితే "ఇంకా బాగా చేయాల్సింది" అని ముగించకూడదు. ఏది, ఎందుకు, ఈసారి ఏం చేస్తాను అని రాయాలి.

నాది కవర్‌లోనే దొరికింది. రాత దాదాపు పూర్తయ్యాక, కవర్ మీదున్న అమ్మాయికి చదవమని ఇచ్చాను. మా జూనియర్. మాస్ట్‌హెడ్ గురించి, మాస్క్ గురించి రాసిందంతా శ్రద్ధగా చదివింది. చివర్లో మెల్లగా అంది, "అక్కా, ఒకటి చెప్పనా? నేను కమాను ఇలా పట్టుకోను. ఆ రోజు మీరు పైకెత్తమన్నారు కదా."

నిజమే. ఫ్రేమ్‌లో గీత అందంగా వస్తుందని కమాను పైకి, ఏటవాలుగా పెట్టమన్నాను. వాయించేటప్పుడు అది తీగల్ని ఎత్తి పట్టే చిన్న చెక్క బ్రిడ్జికీ వేళ్లు నొక్కే నల్లపట్టీ అంచుకీ మధ్య, బ్రిడ్జికి సమాంతరంగా నడవాలి. మా కవర్ మీద అది నల్లపట్టీ మీద అడ్డంగా పడి ఉంది. వయొలిన్ తెలిసినవాళ్లెవరికైనా ఇది వాయిస్తున్న చెయ్యి కాదని ఇట్టే తెలిసిపోతుంది. మేం పత్రిక చేసింది సరిగ్గా వాళ్ల కోసమే. ఆ రోజు ఆమె ఎందుకు చెప్పలేదని అడిగితే, మీరంతా లైట్లు సర్దుతూ కంగారుగా ఉన్నారు, ఎలా చెప్పాలో తెలియలేదు అంది.

చివరి పేజీ తీసేసి మళ్లీ రాశాను. ఫోటో ఎందుకు తప్పో రాశాను, ఎవరు చెప్పారో రాశాను. మర్నాడు ఆమెని అదే గోడ ముందు కూర్చోబెట్టి, ఈసారి ఏమీ చెప్పకుండా, నచ్చింది వాయించమన్నాను. ఆమె వాయిస్తుంటే అరవై దాకా ఫోటోలు తీశాను. వాటిలో ఒకటి ఆమే ఎంచింది. కళ్లు కెమెరా వైపు లేవు, కమాను మీద ఉన్నాయి. దాన్ని పాత కవర్ పక్కన అతికించి, కింద ఇద్దరి పేర్లూ రాసి ఇచ్చాను.